చెంప మీది తీగ

అచ్చాఫీసులో కంప్యూటర్లు చూసుకునే అతన్ని అందరూ రేపాయన అనేవారు. ఏ కంప్యూటర్‌కు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినా, వేద్దామా అని ఎవరడిగినా, "రేపు చూద్దాం" అనేవాడు. ఆ రేపు వచ్చేది కాదు. నడుస్తున్న దాన్ని ముట్టుకోకూడదన్నది అతని పద్ధతి. తప్పనిసరై ముట్టుకుంటే, కొత్తది నిలబడేదాకా పాతదాన్ని పారెయ్యకూడదన్నది రెండో పద్ధతి. ఉద్యోగమంతా ఆ రెండింటి మీదే నడిచింది. యంత్రాలు ఆగలేదు. ఆగని యంత్రాల వెనక ఎవరున్నారని ఎవరూ అడగరు. అతనికి అదే హాయిగా ఉండేది.

భార్య బస్ స్టేషన్‌లో పనిచేసేది. ఎంక్వైరీ కౌంటర్. గాజు పలక, పలకకో గుండ్రటి కంత, ఇవతల మైకు. ఆమె కంప్యూటర్ చెడిపోతే తెలిసినవాళ్ళు పిలవగా బాగుచెయ్యడానికి వెళ్ళిన రోజున వాళ్ళకు పరిచయం. అతను బల్ల కింద దూరి వైర్లు చూస్తున్నాడు. ఆమె పైన కూర్చుని ప్రయాణికులకు జవాబులు చెబుతోంది.

"ఎంతసేపు పడుతుందండీ?" అని కిందికి వంగి అడిగింది.

"చూస్తున్నానండీ."

"ఈ ముక్క నేనూ చెప్తుంటాను. బస్సు రాదని తెలిసిపోయాక."

అతను నవ్వబోయి బల్లకు తల కొట్టుకున్నాడు.

పెళ్ళయ్యాక తెలిసింది, ఇంట్లో ఆమె పెద్దగా మాట్లాడదని. పొద్దంతా మాట్లాడి నోరు అరిగిపోయిందనేది. సాయంత్రాలు ఇద్దరూ వరండాలో కూర్చునేవారు. ఆమె కాళ్ళు చాపుకునేది. అతను రేడియోనో, టేబుల్ ఫ్యానునో విప్పి పెట్టుకునేవాడు. ఎప్పుడో ఒక మాట వచ్చేది. అది వినదగ్గ మాట అయ్యేది.

జబ్బు మైకులోనే మొదట బయటపడింది. ప్రయాణికులు రెండోసారి అడగడం మొదలుపెట్టారు. మాట ముద్దగా వస్తోందని ఒకాయన విసుక్కున్నాడు. తర్వాత చేతులు. తర్వాత కాళ్ళు. ఒక చలికాలం గడిచేసరికి గొంతు పూర్తిగా పోయింది. బుద్ధికి ఏమీ కాదని డాక్టరమ్మ చెప్పింది. ధైర్యం చెప్పడానికే చెప్పింది. ఇంటికి వచ్చాక అదే అన్నిటికంటే భయంగా తోచింది.

చెంప మిగిలింది. ఎడమ చెంప కొంచెం కదిలేది. దాని మీద ఒక చిన్న పట్టీ అంటిస్తే, అక్కణ్ణుంచి సన్నటి తీగ కంప్యూటర్‌లోని ఒక కార్డుకు వెళ్ళేది. తెర మీద అక్షరాలు వరుసలుగా ఉండేవి, పైన అచ్చులు, కింద హల్లులు. ఒక వెలుగు వరుస తర్వాత వరుస మీదుగా దిగేది. చెంప కదిలిస్తే ఆ వరుస దగ్గర ఆగేది. తర్వాత అక్షరం తర్వాత అక్షరం మీదుగా నడిచేది. మళ్ళీ చెంప. ఒక అక్షరం పడేది.

ఆ కార్డు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. లైనక్స్ అనే సిస్టమ్ మీద తప్ప అది నడవదు. దాని డ్రైవర్‌ను అతనే ఇంట్లో కూర్చుని కంపైల్ చేశాడు, అంటే రాసి ఉన్న ప్రోగ్రామును యంత్రానికి ఎక్కేలా మార్చాడు. కార్డు ఒక భాష మాట్లాడుతుంది, సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నెల్ మరో భాష మాట్లాడుతుంది, డ్రైవర్ మధ్యలో దుబాసీ. మరదలికి అతను అలాగే చెప్పాడు.

"మరి మా అక్కకీ నీకూ మధ్య దుబాసీని నేను కదా బావా. నా కొలువు పోయినట్టేనా?" అంది మరదలు.

ఆమె దర్జీ పని చేస్తుంది. అక్క మంచం పట్టాక కుట్టుమిషను తెచ్చి ముందు గదిలో పెట్టుకుంది. చేతిలో గుడ్డ, నోట్లో గుండుసూదులు, ఆ సూదుల మధ్య నుంచే మాటలు.

అతను కొన్ని సిద్ధం మాటలు కూడా ఎక్కించాడు. దాహం, నొప్పి, లైటు, పక్కకు తిప్పు. ఒక్కసారి చెంప కదిలిస్తే మాట మొత్తం వచ్చేది. భార్య వాటిని వాడలేదు. ఎందుకని అడిగితే, అక్షరం అక్షరం కూడబలుక్కుని రాసింది: "అవి నీ మాటలు."

కొన్నాళ్ళకు వెలుగు ఆమె చెంపను దాటిపోవడం మొదలైంది. ఆపాలనుకున్న చోట ఆగేది కాదు. మళ్ళీ పై నుంచి దిగి వచ్చేదాకా ఆమె కాచుకునేది. అతను పట్టీ మార్చాడు. తీగ మార్చాడు. డాక్టరమ్మ వచ్చినప్పుడు చెంప మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"కండరాలు ఒక్కోటే అలసిపోతాయి. ఇంకో దారి కూడా అలవాటు చెయ్యండి," అంది.

"సరే డాక్టర్ గారూ," అన్నాడు. అతని మనసు అప్పటికే డ్రైవర్ మీద ఉంది. కార్డు పంపే సంకేతాల్లో కొన్నిటిని పాత కెర్నెల్ జారవిడుస్తోందని ఒక అనుమానం. కొత్త కెర్నెల్‌లో ఆ లోపం సరిచేశారని ఎక్కడో చదివాడు.

సెలవు రోజు. ఉదయం. ఎండ మంచం కాళ్ళ దాకా వచ్చింది. ఆమె రాస్తోంది. చాలాసేపటికి తెర మీద రెండు మాటలు నిలిచాయి.

నువ్వు ఇక

తర్వాతి అక్షరం కోసం వెలుగు దిగింది. దాటిపోయింది. మళ్ళీ దిగింది. మళ్ళీ దాటిపోయింది. ఆమె కనుబొమ్మల మధ్య చెమట పట్టింది. అతను చూడలేకపోయాడు.

"ఒక్క క్షణం ఆగు. దీని సంగతి చూసి ఇస్తా. తర్వాత హాయిగా రాద్దువు గాని," అని తెర ఆపేశాడు.

ఆమె అతని వైపు చూసింది. అతను తెర వైపు చూస్తున్నాడు.

కొత్త కెర్నెల్ దించుకున్నాడు. డిస్కులో దానికి కేటాయించిన అర చిన్నది. చోటు లేదని వచ్చింది. పాతవి తీసెయ్యమంటావా అని అడిగింది. అచ్చాఫీసులో ఎవరైనా ఆ ప్రశ్నకు అవునని ఉంటే అతను వాళ్ళతో కొన్నాళ్ళు మాట్లాడేవాడు కాదు. కానీ ఇక్కడ ఒక మాట సగంలో ఆగి ఉంది. అవును అని నొక్కాడు.

సిస్టమ్ ఆగి మళ్ళీ లేచింది. కార్డు లేదంది.

డ్రైవర్‌ను మళ్ళీ కంపైల్ చెయ్యబోయాడు. తెర నిండా తప్పులు కురిశాయి. పాతదానికి తిరిగి వెళ్దామంటే పాతది లేదు. అది ఉండే సైట్‌లో వెతికాడు. అంత పాతవాటిని వాళ్ళు తీసేశారు. అప్పట్లో సిస్టమ్‌ను ఎక్కించిన సీడీ అడుగున గీతలు పడి చదవడం లేదు.

"ఏమైంది బావా?" అంది మరదలు గుమ్మంలో నిలబడి.

"కొత్తది వేశా. పాతది పోయింది. కొత్తదానికి కార్డు తెలియదు."

"పాతది ఎందుకు తీశావు?"

"చోటు లేక."

మరదలు నోట్లోంచి సూది తీసి జాకెట్టుకు గుచ్చుకుంది. "కొలతకని ఆదికిచ్చిన పాత చొక్కాని ఏ దర్జీ అయినా కత్తిరిస్తాడా బావా? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక..." అని నాలుక కరుచుకుంది.

ఇద్దరూ మంచం వైపు చూశారు. అక్క కళ్ళు నవ్వుతున్నాయి.

"అదీ. అక్కకి నేనే నచ్చుతాను. ఇంతకీ ఏం రాస్తోంది?" అంది మరదలు.

"నువ్వు ఇక, అని ఆపింది."

"నువ్వు ఇక నోరుముయ్యి అని ఉంటుంది. నాకై ఉంటుంది." మంచం దగ్గరికి వెళ్ళి అక్క జుట్టు వెనక్కి సర్దింది. "పోనీ బావా, ఇది లేచేదాకా నేను అక్షరాలు చదువుతా. కావలసినది రాగానే అక్క కళ్ళు పైకెత్తుతుంది. డాక్టరమ్మ చెప్పింది కదా, ఇంకో దారి అని."

"వద్దు. కళ్ళు కూడా అలసిపోతాయి. సాయంత్రానికి ఇది లేస్తుంది."

సాయంత్రమైంది. లేవలేదు.

మర్నాడు ఆఫీసుకు సెలవు చెప్పాడు. ఆ తర్వాత కూడా చెప్పాడు. అతని బల్ల కిటికీ పక్కన. కూర్చుంటే మంచం వీపు వెనక ఉంటుంది.

డ్రైవర్ సోర్సు, అంటే దాన్ని రాసిన పాఠం, ఒక పొడుగాటి ఫైలు. ఎవరో ఒక ఇంజినీరు రాశాడు. మధ్యలో ఒక చోట తన తర్వాత వచ్చేవాళ్ళ కోసం ఒక మాట రాసిపెట్టాడు: ఇది ఎందుకు పనిచేస్తోందో నాకూ తెలియదు, దయచేసి కదపకండి. పైన మెయిల్ అడ్రసు ఉంది. అతను దానికి రాశాడు. ఆ అడ్రసులో ఎవరూ లేరని వెంటనే తిరిగి వచ్చింది.

తప్పులను ఒక్కొక్కటిగా పట్టుకున్నాడు. ఒక చోట పాత కెర్నెల్ మూడు విలువలు తీసుకునేది, కొత్తది రెండు చాలంది. మూడోది తీసేశాడు. మరో చోట గడియారాన్ని సిద్ధం చేసే పిలుపునే ఎత్తేశారు. దాని బదులు వచ్చినది వేరే పద్ధతిలో అడుగుతుంది. దాని కోసం నాలుగు చోట్ల తిరగరాయాల్సి వచ్చింది. ఒక తప్పు పోతే దాని చాటున ఉన్నవి బయటికి వచ్చేవి. ఉల్లిపాయ ఒలిచినట్టు. కళ్ళు కూడా అలాగే మండేవి.

"అక్క చూస్తోంది బావా," అనేది మరదలు, గంజి పట్టిస్తూ.

"ఆఁ, అయిపోవచ్చింది."

"నిన్నే చూస్తోంది. ఒకసారి ఇటు తిరుగు."

తిరిగేవాడు. "అయిపోవచ్చింది," అని ఆమెకు కూడా చెప్పేవాడు. మళ్ళీ అటు తిరిగేవాడు. ఆ వీపును ఆమె ఎంతసేపు చూసేదో మరదలికే తెలుసు.

ఆఫీసు నుంచి ఒక కుర్ర ఉద్యోగి ఫోన్ చేశాడు. "సార్, పెద్ద మిషను అప్‌డేట్ అడుగుతోంది. వేసెయ్యనా?"

"ముట్టుకోకు."

"రేపు చూద్దామంటారు, అంతేగా సార్?" అని నవ్వాడు.

అతను ఫోన్ పెట్టేశాడు. చాలాసేపు ఫోన్ మీదే చెయ్యి ఉంచి కూర్చున్నాడు.

ఒక మధ్యాహ్నం తెర ఏమీ అనలేదు. తప్పు లేదు, హెచ్చరిక లేదు. డ్రైవర్ తయారైంది. ఎక్కించబోతే, డిజిటల్ సంతకం లేనిదాన్ని రానివ్వనంది సిస్టమ్. ఆ కాపలాను కంప్యూటర్ సెట్టింగుల్లో తీసేసి మళ్ళీ ఎక్కించాడు. ఎక్కింది. కార్డు మీది పచ్చ దీపం వెలిగింది.

అతను కుర్చీలోంచి లేవలేదు. ఆ దీపాన్ని చూస్తూ, "వచ్చెయ్యి," అని మరదల్ని పిలిచాడు. మిషను చప్పుడు ఆగింది.

ఇద్దరూ కలిసి ఆమెను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. అతను చెంప తుడిచి పట్టీ అంటించాడు. తెర ఆమె ముందుకు జరిపాడు. నువ్వు ఇక, అన్న మాటల్ని తనే మళ్ళీ టైపు చేసి పెట్టాడు, మొదటి నుంచి రాసే శ్రమ ఉండకూడదని.

"ఊఁ. చెప్పు."

వెలుగు దిగింది. అచ్చులు. హల్లులు. అడుగుకు చేరింది. మళ్ళీ పై నుంచి. మళ్ళీ అడుగుకు.

"తొందర లేదు," అన్నాడు.

వెలుగు ఎక్కడా ఆగలేదు. ఆమె కళ్ళు తెర మీద లేవు. అతని మీద ఉన్నాయి.

"ఇంకా ఏదో ఉండిపోయింది. సంకేతం అందడం లేదు. గడియారం దగ్గర నేనే ఏదో తప్పు చేసుంటా," అని అతను బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ రోజు పోయింది. తర్వాతి రోజు కూడా పోయింది. గడియారం గురించి తను రాసిన ముక్కల్ని చెరిపి మళ్ళీ రాశాడు. కదపకండి అన్న చోటును కూడా కదిపి చూశాడు. కంపైల్ చేసిన ప్రతిసారీ డ్రైవర్ ఏ తప్పూ లేకుండా తయారవుతోంది. పచ్చ దీపం వెలుగుతోంది. వెలుగు వరుసలు దాటిపోతోంది.

అచ్చాఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు అతను మొదటి రోజే ఒక మాట చెప్పేవాడు. దారిని అనుమానించే ముందు రెండు చివరలూ చూడండి. పట్టీని తీసి తన చెంపకు అంటించుకుని చూడడానికి ఎంతసేపు పడుతుంది. ఆ పని అతను చెయ్యలేదు.

మరదలు చేసింది. పరీక్షించాలని కాదు. అక్కకు తల దువ్వుతోంది. పట్టీ కింద చర్మం ఎర్రగా కంది ఉంది.

"పాపం, ఒరుసుకుపోతోంది. కాసేపు దీనికి సెలవు," అని పట్టీ ఊడదీసింది. ఎక్కడ పెట్టాలో తోచక, నవ్వుతూ తన చెంపకే అంటించుకుంది. "ఉండు బావా, ఇక నేను మాట్లాడతా. ఈ ఇంట్లో నోరున్నది నేనొక్కదాన్నే కదా."

తెర మీద వెలుగు ఆగింది.

ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. నవ్వుకు చెంప కదిలింది. ఒక అక్షరం పడింది. దాని పక్కన ఇంకొకటి. అర్థం లేని అక్షరాలు, నువ్వు ఇక అన్న మాటల వెంట ఒకదాని తర్వాత ఒకటి చకచకా.

అప్పుడు మరదలు నవ్వు ఆపింది. అక్షరాలు ఆగిపోయాయి.

దువ్వెన ఆమె చేతిలోనే ఉంది. చెంప మీది పట్టీని మెల్లగా తీసింది. అది ఏదో దొంగిలించిన వస్తువైనట్టు రెండు వేళ్ళతో పట్టుకుంది.

"బావా."

"చూశాను."

"నేను ఊరికే..."

"అక్కకు పెట్టు."

పెట్టింది. వెలుగు దిగింది, దాటిపోయింది. కుడి చెంపకు పెట్టారు. గడ్డానికి. కనుబొమ్మ పైన. అతను ప్రతిసారీ, "ఇప్పుడు," అన్నాడు. వెలుగు దాటిపోయింది.

డ్రైవర్‌లో తప్పు లేదు. పాతదానిలోనూ లేదు. బాగున్న దాన్ని తీసేశాడు. బాగున్న దాన్నే మళ్ళీ తయారుచేశాడు. ఆ రోజుల్లో చెంప పోయింది. ఎప్పుడు పోయిందో తెలియదు. కార్డు మూగగా ఉన్న రోజుల్లో ఒక రోజు, అతను వీపు తిప్పి కూర్చున్నప్పుడు, ఆమె చివరిసారి చెంప కదిపి ఉంటుంది. దాన్ని అందుకోవడానికి అప్పుడు అక్కడ ఏదీ లేదు.

ఆమెకు ముందే తెలుసు. కళ్ళు చూస్తే తెలుస్తోంది. అతను ఈసారి చూశాడు.

కుర్చీని మంచం దగ్గరికి లాక్కుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

"అక్షరాలు చదువు," అన్నాడు మరదలితో.

మరదలు వరుసల పేర్లు చెప్పసాగింది. మెల్లగా, ప్రతి వరుసకూ ఆగుతూ. అక్క కళ్ళు పైకి కదిలాయి. ఏ వరుసకు కదిలాయో తెలియలేదు. మరదలు తర్వాతిది మొదలుపెట్టాక కదిలాయి. మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి ఇంకా ఆలస్యంగా కదిలాయి. మూడోసారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుపు కాదు, కళ్ళు పైకెత్తడానికి పడుతున్న కష్టం.

"ఆ మొదటి రోజే చేసుంటే," అని మరదలు మాట మింగేసింది.

"అను."

"ఏముంది బావా అనడానికి."

అతను భార్య మొహానికి దగ్గరగా వంగాడు. "నేనే అడుగుతాను. అవునైతే కళ్ళు పైకెత్తు. కాకపోతే ఊరుకో. సరేనా?"

కళ్ళు పైకి లేచాయి.

"నువ్వు ఇక ఆఫీసుకు వెళ్ళు, అనా?"

కొంతసేపటికి కళ్ళు పైకి లేచాయి.

మరదలు గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అదేనా అక్కా. ఇంతోటి మాటకా ఇన్నాళ్ళూ ఈయన కొంప మీదికి తెచ్చుకున్నాడు." ఆమె గొంతు నవ్వుకూ ఏడుపుకూ మధ్యన ఉంది.

అక్కడితో ఆపి ఉండవచ్చు. కానీ అతను జీవితమంతా ఒకసారి వచ్చిన జవాబును నమ్మని మనిషి. సరిచూడకుండా ఏదీ వదల్లేదు.

"నువ్వు ఇక ఆఫీసుకు వెళ్ళొద్దు, అనా?"

కళ్ళు పైకి లేచాయి.

బయట వీధిలో ఎవరో తోపుడుబండి నెట్టుకుంటూ పోతున్నారు. అది మలుపు తిరిగేదాకా చప్పుడు వినబడింది.

ఆమె జవాబు చెబుతోందో, అతన్ని ఇక అడగవద్దంటోందో, అసలు ఆ కళ్ళు వాటంతటవే లేస్తున్నాయో అతనికి తెలియలేదు. తెలుసుకోవాలంటే మళ్ళీ ఆమెనే అడగాలి. నోరు తెరిచాడు. ఏ ప్రశ్న అడిగినా అందులో ఉండేవి తన మాటలే. మూసుకున్నాడు.

దిండ్లకు ఆనుకుని కూర్చున్న ఆమె ఒక పక్కకు ఒరుగుతోంది. మరదలు లేచి అటు వెళ్ళి భుజం పట్టుకుంది.

"వీపు పుండు పడుతుంది బావా. పక్కకు తిప్పాలి."

అతను లేచి ఇటు వచ్చాడు. ఒక చెయ్యి నడుము కిందకు, ఒక చెయ్యి మోకాళ్ళ కిందకు పోనిచ్చాడు. ఆమె బరువు ఎంత తక్కువగా ఉందో ఆ వారమంతటిలో ఇప్పుడే తెలిసింది.

"ఎటు తిప్పుదాం?" అంది మరదలు.

ఇన్నాళ్ళూ ఆ ప్రశ్న అక్కను అడిగేది. ఇప్పుడు అతని వైపు చూసి అడిగింది. అడిగాక ఆ సంగతి తనకే తట్టి తల దించుకుంది.

అతను భార్య కళ్ళలోకి చూస్తూ కాసేపు ఆగాడు. కళ్ళు అలాగే ఉన్నాయి.

"కిటికీ వైపు," అన్నాడు.